కుక్క కాటు: మొదటి పావుగంట నుంచి 28వ రోజు దాకా ఏం చేయాలి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో ఉండే తెలుగు కుటుంబాలకు ఆసుపత్రుల విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఇటు ఒడిశా ఆసుపత్రులున్నాయి, హద్దు దాటితే పాతపట్నం, పాలకొండ, పార్వతీపురం ఉన్నాయి. ఎటు దగ్గరైతే అటు వెళ్ళడం మనకు అలవాటు. అయితే కుక్క కాటుకు వైద్యం ఒక్క పూటతో ముగిసేది కాదు. నాలుగు వారాల పాటు చెప్పిన తేదీలకు సూది వేయించుకోవాలి, గాయాన్ని బట్టి సీరం (వైరస్‌ను గాయం దగ్గరే ఆపే మందు) కూడా పడాలి. మొదటి సూది ఒక ఊళ్ళో వేయించుకొని, పెళ్ళికో పనికో హద్దు దాటి, రెండోది ఆలస్యం చేసి, నొప్పి తగ్గిందని మూడోది మానేయడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. కాబట్టి కాటు పడిన క్షణం నుంచి చివరి డోసు వరకు ఏ పని ఎప్పుడు, ఎందుకు చేయాలో వరుసగా చెబుతాను.

ఎందుకు ఆలస్యం చేయకూడదు

రేబిస్ జబ్బు తెచ్చే వైరస్, ఆ జబ్బున్న జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా లోపలికి వెళ్ళాక అది నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలలో లక్షణాలు బయటపడతాయి. కొందరిలో వారం రోజులలోనే కనిపించవచ్చు, కొందరిలో ఏడాది దాటాక కూడా రావచ్చు. ముందు జ్వరం, పాత గాయం దగ్గర తిమ్మిరి, మంట. ఆ తరువాత నీళ్ళు చూసినా గాలి తగిలినా గొంతు బిగుసుకుపోవడం. మరికొందరిలో ఆ భయమేమీ లేకుండానే కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోవడం. ఈ దశకు వచ్చాక ఏ ఊరి ఆసుపత్రిలోనూ నయం చేసే మందు లేదు, కొద్ది రోజులలో ప్రాణం పోతుంది. అందువల్ల వైద్యమంతా మనిషి నిక్షేపంగా ఉన్నప్పుడే, గాయం చిన్నదిగా కనిపిస్తున్నప్పుడే జరిగిపోవాలి.

మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వల్లనే వస్తుంది. అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు పొట్టిగా ఉంటారు గనుక కాటు ముఖం మీద, మెడ మీద పడుతుంది, అక్కడి నుంచి మెదడుకు దారి చాలా దగ్గర. పైగా తిడతారని ఇంట్లో చెప్పరు. సాయంత్రం పిల్లలకు కాళ్ళు కడిగేటప్పుడు పిక్క మీద కొత్త గీత ఏదైనా కనిపిస్తే, కోప్పడకుండా, అది ఎలా వచ్చిందో అడగండి.

మొదటి పని: కడగడం

కుక్క కరిచిన వెంటనే ఆటో కోసం పరుగెత్తకండి. ముందు కొళాయి దగ్గరకో బోరింగు దగ్గరకో వెళ్ళండి. ఒకరు బోరు కొడుతుంటే లేదా చెంబుతో ధారగా నీళ్ళు పోస్తుంటే, మరొకరు సబ్బు నురగ పట్టించి గాయాన్ని కడగాలి. ఒంటి సబ్బైనా, బట్టల సబ్బైనా ఫరవాలేదు. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను చంపుతుంది. పైపైన నీళ్ళు చల్లి తుడిచేస్తే లాభం లేదు. కోరపన్ను దిగిన చోట పైకి చిన్న చుక్కే కనిపించినా లోపల గుంట ఉంటుంది. ఆ గుంటలోకి నీటి ధార తగిలేలా, మళ్ళీ సబ్బు పెట్టి మళ్ళీ కడుగుతూ, పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. మనసులో లెక్కపెడితే మూడు నిమిషాలకే పావుగంట అయిందనిపిస్తుంది, కాబట్టి ఫోనులో గడియారం చూసుకోండి. రక్తం కారుతుంటే కొంచెం కారనివ్వండి, కానీ గాయాన్ని పిండవద్దు, గట్టిగా రుద్దవద్దు.

కడిగాక ఇంట్లో పొవిడోన్ అయోడిన్ మందు ఉంటే రాయండి. లేకపోతే అలాగే వదిలేయండి. కారం, సున్నం, పసుపు, కిరోసిన్, జిల్లేడు పాలు, పసరు, వీటిలో ఏదీ పెట్టకూడదు. ఇవి గాయాన్ని ఇంకా చెడగొడతాయి తప్ప వైరస్‌ను ఆపవు. బిగించి కట్టు కూడా కట్టవద్దు. కుట్లు వేయమని మీరుగా అడగవద్దు; కుట్టేటప్పుడు సూది వైరస్‌ను ఇంకా లోతుకు తీసుకుపోతుంది. తప్పనిసరిగా కుట్టవలసిన పెద్ద గాయమైతే, ముందు సీరం వేసి, ఆ తరువాతే వదులుగా కుడతారు.

కాటు పడి గంటలు గడిచిపోయినా, మరుసటి రోజు తెలిసినా, ఈ కడిగే పని మాత్రం మానవద్దు.

గాయం ఏ తరగతిది?

డాక్టర్లు కాటును మూడు తరగతులుగా చూస్తారు. జంతువును తాకడం, అన్నం పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. కడుక్కుంటే చాలు, సూది అక్కరలేదు. పంటితో నొక్కినట్టు కరవడం, రక్తం రాకుండా గోరు గీరుకుపోవడం రెండో తరగతి. దీనికి టీకా వేయించుకోవాలి. చర్మం చిట్లి రక్తం కనిపించిన ప్రతి కాటు, ప్రతి గీరు మూడో తరగతి. అంతకుముందే ఉన్న పుండు మీద నాకినా, లాలాజలం కంట్లో, నోట్లో పడినా మూడోదే. దీనికి టీకాతో పాటు సీరం కూడా కావాలి. రెండోదో మూడోదో తేలకపోతే మూడోదిగానే భావించి వెళ్ళండి.

జీడితోటలకు, కొండ పొలాలకు, కట్టెలకు వెళ్ళేవారిని నక్కో, ఎలుగుబంటో, ముంగిసో కరిస్తే గాయం ఎంత చిన్నదైనా మూడో తరగతి కిందే లెక్క. కోతి కరిచినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. ఇంటి ఎలుక, ఉడుత కరిస్తే సాధారణంగా రేబిస్ టీకా అవసరం రాదు, ఆ గాయం డాక్టరుకు చూపిస్తే చాలు.

ఆసుపత్రికి వెళ్ళడం

అదే రోజు వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళవద్దు, ఏదైనా తిని బయలుదేరండి. పర్లాకిమిడి, రాయగడలలో జిల్లా కేంద్ర ఆసుపత్రులు, గుణుపురంలో సబ్ డివిజనల్ ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద గాయాలకు బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి, కొరాపుట్ వైపు వారికి అక్కడి లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. గాయం తీవ్రంగా ఉంటే రెండు రాష్ట్రాలలోనూ 108 పలుకుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టీకాకు డబ్బు కట్టనక్కరలేదు.

చీటీ రాసే చోట ఒడియా రాక ఇబ్బంది పడేవారు, 'కుకుర కాముడిలా, రక్త బాహారిలా' (కుక్క కరిచింది, రక్తం వచ్చింది) అంటే విషయం అర్థమవుతుంది. డాక్టరు దగ్గర మాత్రం నాలుగు విషయాలు దాచకుండా చెప్పండి: కరిచినది ఏ జంతువు, అది పెంపుడుదా వీధిదా, రక్తం వచ్చిందా లేదా, ఇంతకుముందు ఎప్పుడైనా ఈ టీకా వేయించుకున్నారా. గర్భవతి అయినా, బాలింత అయినా ఈ టీకా వేస్తారు, భయపడి ఆగిపోకూడదు. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు మలేరియా ప్రాంతాలు గనుక ఇంకొక మాట: క్లోరోక్విన్ మాత్రలు వాడుతున్నవారిలో చర్మంలో వేసే టీకా బలం తగ్గే అవకాశం ఉంది, కాబట్టి ఆ సంగతి తప్పక చెప్పాలి. స్టెరాయిడ్లు, కాన్సర్ మందులు వాడేవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు కూడా చెప్పాలి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజక్షన్ చేయించుకొని, 'కుక్క ఇంజక్షన్ అయిపోయింది' అనుకొని ఇంటికి వచ్చేవారు తక్కువేమీ కాదు. టీటీ ధనుర్వాతానికి. అదీ కావలసిందే, కానీ రేబిస్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఏ సూది వేశారో కాగితం మీద రాయించుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇక మంత్రం, పసరు సంగతి. అటు గుణియా దగ్గరకు, ఇటు మంత్రం వేసేవారి దగ్గరకు వెళ్ళి బతికినవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కరిచే కుక్కలలో చాలావాటికి అసలు రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. అలా తప్పించుకున్నవారి లెక్క మంత్రం ఖాతాలో పడుతుంది. తప్పించుకోలేనివారు నెలల తరువాత పోతారు గనుక, అప్పటికి ఆ కాటు ఎవరికీ గుర్తుండదు. పెద్దవాళ్ళు పట్టుబడితే వారితో తగవు పెట్టుకొని పొద్దు పోగొట్టుకోవద్దని నా సలహా. ముందు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి, సూది వేయించుకొని రండి. ఆ తరువాత తాయెత్తు కట్టినా నష్టం లేదు, గాయం మీద మాత్రం ఏమీ పెట్టనివ్వకండి.

టీకా

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం ఇప్పటికీ పోలేదు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004 ప్రాంతంలోనే నిలిపివేశారు. ఇప్పటి టీకా జబ్బపై వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా చర్మం పొరలో, రెండు జబ్బలకూ 0.1 మిల్లీలీటర్ చొప్పున వేస్తారు. 0 (మొదటి సూది పడిన రోజు), 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు వెళ్ళాలి. సూది దిగిన చోట చిన్న బొబ్బలా ఉబ్బితే సరిగ్గా పడినట్టు, దాన్ని రుద్దకూడదు. ప్రైవేటులో ఎక్కువగా కండలో వేస్తారు. అప్పుడు 0, 3, 7, 14, 28 రోజులలో ఐదుసార్లు. చిన్న పిల్లలకు తొడ ముందు భాగాన వేస్తారు. ఎవరైనా పిరుదుకు వేయబోతే వద్దని చెప్పండి. అక్కడి కొవ్వులో ఈ టీకా సరిగ్గా పనిచేయదు.

పత్యం ఏమీ లేదు. మాంసం, చేప, వంకాయ, గోంగూర అన్నీ తినవచ్చు. పనికీ బడికీ వెళ్ళవచ్చు. కొంచెం జ్వరం, జబ్బ నొప్పి వస్తే అది ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది.

సీరం: ఎక్కువ మంది వదిలేసేది ఇదే

టీకా వేయగానే రక్షణ రాదు. దాన్ని చూసి మన శరీరం తన రక్షణను తయారు చేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో వైరస్ నరంలోకి దూరకుండా గాయం దగ్గరే పట్టి ఆపేది సీరం. అందులో ఉండేది ముందే తయారైన రక్షణ పదార్థం. అందుకే దాన్ని జబ్బకు కాక, నేరుగా గాయం లోపల, చుట్టూ వేస్తారు. వేలి కొసకు కాటు పడితే అక్కడ చోటు తక్కువ గనుక కొంచెం కొంచెంగా, మెల్లగా ఎక్కిస్తారు. నొప్పి బాగానే ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, చేయి లాక్కుంటారు. గట్టిగా పట్టుకోవడానికి ఇంటి నుంచి ఇంకొక మనిషిని వెంట తీసుకువెళ్ళండి. పిల్లవాడి ఏడుపు చూడలేక 'చాల్లెండి సిస్టర్, జబ్బకు వేసేయండి' అనవద్దు.

ఎంత వేయాలన్నది బరువును బట్టి ఉంటుంది. గుర్రాల నుంచి తయారుచేసే సీరం కిలోకు 40 యూనిట్లు. 20 కిలోల పిల్లవాడికి 800 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్లున్న మందైతే సుమారు 2.7 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి 2,400 యూనిట్లు, అంటే 8 మిల్లీలీటర్లు. 1,500 యూనిట్ల సీసాలు రెండు విప్పాలి. అందుకే వెళ్ళగానే బరువు తూస్తారు. తూయకపోతే మీరే గుర్తుచేయండి. కాట్లు ఎక్కువై మందు చాలకపోతే సెలైన్‌తో పలచన చేసి అన్ని గాయాలకూ సరిపెడతారు. మనిషి రక్తం నుంచి తీసే సీరం కిలోకు 20 యూనిట్లు చాలు, కానీ ఖరీదు ఎక్కువ. ఇటీవలి కాలంలో మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు కూడా వచ్చాయి. అవీ అదే పని చేస్తాయి. గుర్రం సీరం అరుదుగా కొందరికి పడకపోవచ్చు. వేశాక కాసేపు కూర్చోమంటారు, లేచి బస్సు కోసం వెళ్ళిపోకండి.

చిక్కు ఎక్కడంటే, టీకా దొరికే ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ సీరం ఉండదు. 'సీరం ఇక్కడ లేదు, పెద్దాసుపత్రికి వెళ్ళండి' అని చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చి, సూది పడింది కదా అని పడుకోవడంతో అసలు పని ఆగిపోతుంది. అలా చెప్పినప్పుడు మొదటి టీకా అక్కడే వేయించుకోండి, తేదీతో రాయించుకోండి, అదే రోజు లేదా మర్నాడు సీరం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళే ముందు ఆశా కార్యకర్త చేత ఫోను చేయించి సీరం ఉన్నదీ లేనిదీ కనుక్కుంటే దారి ఖర్చు కలిసివస్తుంది. ఒడిశా వైపు లేకపోతే ఆంధ్రా వైపు అడగండి. మొదటి టీకా పడిన రోజు నుంచి ఏడు రోజులలోపు సీరం పడాలి. ఆ తరువాత శరీరమే రక్షణ తయారు చేయడం మొదలుపెడుతుంది గనుక సీరం వేయరు.

తేదీలు తప్పకుండా ఉండాలంటే

మొదటి సూది పడిన రోజును ఒకటిగా కాదు, సున్నాగా లెక్కించాలి. ఆదివారం కుక్క కరిచి సోమవారం మొదటి సూది పడిందనుకోండి. రెండోది గురువారం, మూడోది పై సోమవారం, చివరిది నాలుగు వారాల తరువాత వచ్చే సోమవారం. గమనిస్తే 0, 7, 14, 28 రోజులు ఎప్పుడూ వారంలో ఒకే రోజున వస్తాయి, మూడో రోజొక్కటే వేరు. మొదటి సూది మీ ఊరి సంత రోజున పడితే ఏడో రోజు సూదీ, చివరి సూదీ సంత రోజునే పడతాయి. మనకు ఇంతకంటే సులువైన గుర్తు లేదు. మొదటిది గురువారం వేయించుకున్నవారికి రెండోది ఆదివారం వస్తుంది. ఆ రోజు ఓపీ ఉండదు, ఎక్కడికి రావాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఒక తేదీ తప్పితే మొత్తం పాడైపోయిందని మానేయకూడదు. గుర్తొచ్చిన రోజే వెళ్ళి, ఆగిన చోటు నుంచి కొనసాగించాలి. మళ్ళీ మొదటి నుంచి వేయించుకోనక్కరలేదు. ఇటుక బట్టీలకో, విశాఖపట్నంలో కట్టడం పనికో బయలుదేరవలసి వస్తే ఆసుపత్రిలో ఇచ్చిన టీకా కార్డు వెంట పెట్టుకొని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. కార్డు ఒడియాలో ఉండవచ్చు గనుక, టీకా పేరు, చర్మంలో వేశారా కండలో వేశారా, వేసిన తేదీలు ఇంగ్లీషులో కూడా రాయించుకోండి; ఎందుకైనా మంచిది, ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

కుక్కను చంపకండి, చూడండి

కరిచిన కుక్కను కర్రలతో కొట్టి చంపితే దాని వల్ల తెలియవలసినది తెలియకుండా పోతుంది. కుక్క, పిల్లి విషయంలో పది రోజులు గమనిస్తే చాలు. కరిచే సమయానికి దాని లాలాజలంలో వైరస్ ఉంటే, పది రోజులలోపే అది జబ్బుపడి చస్తుంది. పది రోజులు నిండాక కూడా తిండి తింటూ, మామూలుగా తిరుగుతుంటే ఆ కాటులో రేబిస్ లేదని అర్థం. అయితే ఈ పది రోజులు టీకా ఆపి చూడకూడదు. టీకా నడుస్తూనే ఉండాలి. కుక్క బాగుందని తేలాక మిగిలిన డోసులు ఏం చేయాలో డాక్టరు చెబుతారు. పెంపుడు కుక్కే, దానికి టీకా వేయించామని యజమాని చెప్పినా ఇదే పద్ధతి.

రేబిస్ ఉన్న కుక్క ఎప్పుడూ మీదపడి కరుస్తుందనుకోవడం పొరపాటు. కొన్ని మూల చేరి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ నీరసంగా పడి ఉంటాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని జాలిపడి నోట్లో చేయి పెట్టడం చాలా ప్రమాదం. ఆవులూ గేదెలూ మేకలూ అంతే. కుక్క కరిచిన పశువు కొన్ని వారాల తరువాత మేత మానేసి, చొంగ కారుస్తూ, గొంతు మారి అదేపనిగా అరుస్తుంటే, గొంతుకు ఏదో అడ్డం పడిందని రైతు మోచేతి దాకా చేయి పెడతాడు. చేతి మీద గడ్డి కోసిన గాట్లు ఉండనే ఉంటాయి. అలా జరిగి ఉంటే అది మూడో తరగతే. చేయి కడుక్కొని ఆసుపత్రికి వెళ్ళాలి, పశువుల డాక్టరుకు కబురు చేయాలి. అటువంటి పశువు పాలు పచ్చివి తాగకూడదు. కాచిన పాలు అప్పటికే తాగి ఉంటే భయం లేదు, మరిగితే వైరస్ చస్తుంది.

ఆలస్యమైనవారు, ఇదివరకే వేయించుకున్నవారు

కరిచి నెల అయింది, రెండు నెలలైంది, అప్పుడు ఏమీ వేయించుకోలేదు అనేవారు ఇప్పుడైనా వెళ్ళండి. లక్షణాలు రానంతవరకు ఈ రోజే కరిచినట్టుగా భావించి వైద్యం మొదలుపెడతారు. సిగ్గుపడి దాచవలసినది ఇందులో లేదు.

ఇదివరకు ఒకసారి పూర్తి కోర్సు వేయించుకున్నవారిని మళ్ళీ కుక్క కరిస్తే, గాయం కడగడం మామూలే, టీకా మాత్రం 0, 3 రోజులలో రెండు డోసులు చాలు, మూడో తరగతి గాయమైనా సీరం అక్కరలేదు. కానీ ఆ మాట నోటితో చెబితే చాలదు, డాక్టరు కాగితం అడుగుతారు. నాలుగో సూది కూడా పడిన ఆ కార్డును పారేయకుండా, రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే సంచిలోనే పెట్టుకోండి.